మాత్ర మానే వారం, ఆ తర్వాతి నెలలు

ఈసారి శీర్షిక మొత్తం ఒకే విషయానికి ఇస్తున్నాం. ట్రమడాల్, టపెంటడాల్ లాంటి నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు సిరప్‌లు, హెరాయిన్... ఇవన్నీ ఓపియాయిడ్లే, అంటే నల్లమందులా పనిచేసి నొప్పి తగ్గించే, అలవాటు పట్టించే మందులు. 2019లో కేంద్రం విడుదల చేసిన సర్వే ప్రకారం దేశంలో దాదాపు 2.26 కోట్ల మంది ఓపియాయిడ్లు వాడుతున్నారు. ఇది మన ఇళ్ళ సంగతి కూడా అని మాకు వచ్చే ఉత్తరాలే చెబుతున్నాయి. వాటిలోంచి నాలుగు ఇక్కడ. పేర్లు తీసేశాం.

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు ముప్పై ఏళ్ళు. ప్రకాశం జిల్లాలో గ్రానైట్ క్వారీలో పని చేస్తాను. మూడేళ్ళ కింద నడుం పట్టేస్తే మా ఊరి ఆర్‌ఎంపీ ట్రమడాల్ ఇచ్చాడు. నొప్పి పోవడంతో పాటు ఒంట్లో హుషారు వచ్చేది, ఎంత పనైనా చేసేవాణ్ణి. ఇప్పుడు రోజుకి 50 ఎంజీ మాత్రలు పది పడితేగానీ మంచం దిగలేను. మానేద్దామని చూసినప్పుడల్లా రెండో రోజుకి కాళ్ళు లాగేస్తాయి, విరేచనాలు, చెమటలు, నిద్ర ఉండదు, చచ్చిపోతానేమోనని భయం. పోయిన నెల ఒకసారి ఫిట్స్ కూడా వచ్చింది, వేడి చేసిందని మా ఆవిడకి చెప్పాను. పనికి సెలవు పెట్టి, గదిలో తలుపేసుకుని ఒక వారం ఓర్చుకుంటే పోతుందా?

జవాబు: ముందు ఆ ఫిట్స్ సంగతి మాట్లాడుకుందాం, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. ట్రమడాల్ రోజుకి 400 ఎంజీ దాటితే ఫిట్స్ వచ్చే ప్రమాదం బాగా పెరుగుతుంది, మీరు వేసుకుంటున్నది 500. వేడి చేయడం కాదది. క్వారీ అంచున నిలబడి ఉన్నప్పుడో, బండి మీద ఉన్నప్పుడో మళ్ళీ వస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి తలుపేసుకుని ఒంటరిగా మానే ఆలోచన వదిలేయండి. మీ ఆవిడకి ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఆమెని వెంటబెట్టుకుని రేపే ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రికి (జీజీహెచ్) వెళ్ళండి, మానసిక వైద్య విభాగంలో చూపించుకోండి. డాక్టర్ చూసేదాకా బండి నడపొద్దు, యంత్రాల దగ్గరికి, ఎత్తు మీదికి పోవద్దు, ఒక్క మాత్ర కూడా పెంచొద్దు, మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయనూ వద్దు.

ఇక చచ్చిపోతానేమోనన్న భయం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో ఓపియాయిడ్ విత్‌డ్రాయల్ వల్ల, అంటే మందు ఆపినప్పుడు ఒంట్లో వచ్చే బాధల వల్ల, ప్రాణం పోవడం చాలా అరుదు. పోయిన సందర్భాల్లో ఎక్కువగా కారణం వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీళ్ళు, లవణాలు తగ్గిపోవడం, దానికి ఎవరూ వైద్యం చేయించకపోవడం. అయితే ట్రమడాల్‌కి ఇంకో గుణం ఉంది, అది ఓపియాయిడ్‌గా పనిచేస్తూనే మెదడులోని సెరటోనిన్, నార్‌అడ్రినలిన్ అనే రసాయనాలని కూడా పెంచుతుంది. అందుకే ఆపినప్పుడు కొందరికి మామూలు లక్షణాలతో పాటు విపరీతమైన గాభరా, చేతులు కాళ్ళలో తిమ్మిర్లు, లేనివి ఉన్నట్టు కనిపించడం కూడా వస్తాయి. ఆ భయం మీ పిరికితనం కాదు, మాత్ర ఆగినందువల్ల వచ్చింది.

ఎందుకిలా అవుతుందంటే, మన మెదడు కింది భాగంలో ఒంటిని అప్రమత్తంగా ఉంచే నార్‌అడ్రినలిన్‌ని తయారుచేసే కణాలు ఉంటాయి. ఓపియాయిడ్ వాటిని అణిచి ఉంచుతుంది. నెలల తరబడి బ్రేకు మీద కాలు పెట్టి ఉంచితే బండి నడవడానికి ఇంజన్ ఇంకా గట్టిగా లాగడం నేర్చుకుంటుంది. ఇప్పుడు కాలు ఒక్కసారిగా తీసేస్తే ఏమవుతుందో అదే మీ ఒంట్లో అవుతోంది. గుండె దడ, చెమటలు, రోమాలు నిక్కబొడుచుకోవడం, కనుపాపలు పెద్దవవడం అన్నీ ఆ కణాలు ఒక్కసారిగా విజృంభించడం వల్లే. పేగుల మీద కూడా ఓపియాయిడ్ అదుపు ఉంటుంది కాబట్టి ఇన్నాళ్ళూ మలబద్ధకంతో బాధపడ్డవాళ్ళకి ఇప్పుడు విరేచనాలు.

ఆఖరి మాత్ర వేసుకున్న సగం రోజుకో, ఒక రోజుకో ఆవలింతలతో, ముక్కు కారడంతో మొదలవుతుంది. రెండు మూడు రోజులకి పతాక స్థాయికి చేరుతుంది. మీరు ప్రతిసారీ సరిగ్గా అక్కడే ఆగి మళ్ళీ మాత్ర వేసుకుంటున్నారు. వారం, పది రోజుల్లో ఒంటి బాధ చాలామటుకు తగ్గిపోతుంది. నిద్ర, నీరసం మాత్రం ఇంకా కొన్నాళ్ళు పడతాయి.

ఆసుపత్రిలో డాక్టర్ రెండు దారుల్లో ఒకటి ఎంచుకుంటారు. ట్రమడాల్‌నే లెక్క ప్రకారం మెల్లమెల్లగా తగ్గిస్తూ రావడం ఒకటి. నాలుక కింద పెట్టుకునే బ్యుప్రెనార్ఫిన్ మాత్రకి మార్చడం రెండోది. రెండోదానిలో ఒక కిటుకు ఉంది: మీ ఒంట్లో ట్రమడాల్ ఇంకా పనిచేస్తుండగా బ్యుప్రెనార్ఫిన్ వేస్తే అది ట్రమడాల్‌ని పక్కకి తోసేసి, అరగంటలో భయంకరమైన విత్‌డ్రాయల్ తెప్పిస్తుంది. అందుకే ఆఖరి మాత్ర తర్వాత కనీసం 12 గంటలు ఆగి, లక్షణాలు స్పష్టంగా మొదలయ్యాకే ఇస్తారు. "ఎప్పుడు వేసుకున్నావు, ఎన్ని వేసుకున్నావు" అని అడిగితే సిగ్గుపడి తగ్గించి చెప్పకండి, ఆ జవాబు మీదే మొదటి డోసు ఆధారపడి ఉంటుంది. ఫిట్స్ గురించీ, వేరే మందులు ఏమైనా వాడుతుంటే వాటి గురించీ చెప్పండి. ముఖ్యంగా డిప్రెషన్ మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పాలి, ట్రమడాల్‌తో కలిస్తే అవి ప్రమాదం. చెమటలకి, దడకి క్లోనిడిన్ ఇవ్వొచ్చు, అది బీపీ తగ్గిస్తుంది కాబట్టి మంచం మీంచి గబుక్కున లేవకూడదు.

ఇంటి దగ్గర చేయగలిగింది ఓఆర్‌ఎస్, మజ్జిగ, పల్చటి జావ, గంటకోసారి కొంచెం కొంచెంగా. కాళ్ళు లాగుతుంటే వేణ్ణీళ్ళ స్నానం ఎన్నిసార్లయినా చేయొచ్చు. విరేచనాలకి లోపెరమైడ్ డాక్టర్ చెప్పినంతే, అది ఎక్కువ మోతాదులో గుండె లయని దెబ్బతీస్తుంది. ఆ రాత్రులు గడవడానికి మద్యం తాగడం, పక్కింటివాళ్ళ నిద్రమాత్రలు అడిగి తెచ్చుకోవడం అస్సలు వద్దు. నోట్లో చుక్క నిలవకపోతే, మూత్రం ఆగిపోతే, మాటలు తడబడితే, మళ్ళీ ఫిట్స్ వస్తే 108.

నడుం నొప్పి మొదట్లో ఎక్కువైనట్టే ఉంటుంది, ఇది ముందే తెలుసుకోవాలి. ఏళ్ళ తరబడి ఓపియాయిడ్ వాడితే నరాలు నొప్పిని మామూలుకన్నా పెద్దదిగా చూపించడం మొదలుపెడతాయి. అది కొన్ని వారాల్లో తగ్గుతుంది, అప్పుడు అసలు నొప్పి ఎంతో బయటపడుతుంది. దానికి ఫిజియోథెరపీ, వేరే రకం మందులు ఉన్నాయి, అవి కూడా ఇదే ఆసుపత్రిలో అడగండి. బరువులు ఎత్తే పని కొన్నాళ్ళు మార్చుకోగలరా అని మేస్త్రీతో మాట్లాడండి.

పోలీసు కేసు అవుతుందని చాలామంది ఆసుపత్రికి రారు. ట్రమడాల్‌ని 2018 ఏప్రిల్‌లో మత్తుమందులని నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చిన మాట నిజమే. కానీ వైద్యం కోసం వచ్చినవాణ్ణి పోలీసులకి అప్పగించడం డాక్టర్ పని కాదు, మీ వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది.

ప్రశ్న: అయ్యా, మాది వరంగల్ దగ్గర పల్లె. మా కొడుక్కి 24. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు స్నేహితులతో కలిసి గోళీలు నూరి సూదితో ఎక్కించుకునుడు అలవాటైంది. మూడు నెలలు ఒక ప్రైవేట్ సెంటర్ల పెట్టినం, ఇంటికొచ్చి ఇరవై రోజులైంది. ముట్టుకోలేదంటున్నాడు, నేను నమ్ముతున్న. కానీ నిద్ర పోడు, దేంట్లో సంతోషం లేదు, ఊరికే కోపం. అక్కడ కొట్టిన్రని చెప్పి ఏడ్చిండు. చుట్టాలేమో దసరాలోపు పెళ్ళి చేస్తే బాగుపడ్తడు అంటున్రు. నేను రాత్రిళ్ళు వాడి గది ముందటే కూసుంటున్న.

జవాబు: అమ్మా, మీరు రాత్రిళ్ళు కూర్చుంటున్నది ఊరికే కాదు, మీకు తెలిసే ఉండాలి. మూడు నెలలు మానడం వల్ల మీ అబ్బాయి ఒళ్ళు ఆ మందుకి అలవాటు తప్పింది. ఇదివరకు వాడు తట్టుకున్న డోసే ఇప్పుడు ఒక్కసారి ఎక్కించుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. సెంటర్ నుంచో జైలు నుంచో బయటికి వచ్చిన తొలి వారాల్లోనే ఓవర్‌డోస్ మరణాలు ఎక్కువ. ఈ మాట వాడికి భయపెట్టడానికి కాకుండా, ఎదురుగా కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చెప్పండి: "ఎప్పుడన్నా మనసు లాగితే నాకు చెప్పు, తిట్టను. ఒకవేళ తప్పి వాడినా ఒంటరిగా ఉండకు, వెంటనే నన్ను పిలువు." గది లోపలి గడియ, బాత్రూమ్ గడియ కొన్నాళ్ళు తీసేయించడం మంచిది, వాడితో చెప్పే తీయించండి.

పిలిచినా, గట్టిగా తట్టినా లేవకపోవడం, ఊపిరి చాలా నెమ్మదించడం లేదా గురకలా రావడం, పెదవులు గోళ్ళు నీలంగా మారడం, కనుపాపలు సూది మొనంత అవడం... వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేసి, ఓపియాయిడ్ మందు వాడి ఉండొచ్చని చెప్పండి, దాచొద్దు. దానికి విరుగుడుగా నలాక్సోన్ ఇంజెక్షన్ ఉంది. అంబులెన్స్ వచ్చేలోపు ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఆడకపోతే ముక్కు మూసి నోటితో ఊపిరి ఇవ్వండి. ఉప్పునీళ్ళు తాగించడం, వాంతి చేయించడం వద్దు.

నిద్ర పట్టకపోవడం, ఏదీ రుచించకపోవడం, చిన్నదానికే కోపం రావడం ఈ దశలో వచ్చేవే. ఇన్నేళ్ళు బయటినుంచి వచ్చిన మందుతో సంతోషపడ్డ మెదడు హాయినిచ్చే తన సొంత రసాయనాలైన ఎండార్ఫిన్లని మళ్ళీ తయారుచేసుకుని, వాటికి స్పందించడం నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. వాడు సోమరి అయిపోయాడనీ మొండికేస్తున్నాడనీ అనుకోకండి. పొద్దున ఒకే టైముకి లేపడం, ఎండలో తిప్పడం, పొలం పనో షాపు పనో రోజుకి కొన్ని గంటలు చేయించడం మెల్లగా పనిచేస్తాయి. చావాలనిపిస్తోందని అన్నా, రెండు మూడు వారాలుగా తిండి కూడా మానేసినా అది డిప్రెషన్, దానికి వేరే మందు కావాలి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మత్తు అలవాట్ల కోసం జాతీయ హెల్ప్‌లైన్ 14446.

సెంటర్ వాళ్ళు పంపేసేటప్పుడు మందు ఏదీ రాయలేదని మీ ఉత్తరాన్ని బట్టి అనిపిస్తోంది. అది నాకు బాధ కలిగించింది. మూడు నెలలు గోడల మధ్య పెట్టి, ఏ మందూ లేకుండా ఇంటికి పంపడమంటే తిరిగి అదే చోటికి పంపడమే. ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యులకి చూపించండి. వాడు ఇన్నాళ్ళుగా పూర్తిగా మానేసి ఉంటే నల్‌ట్రెక్సోన్ అనే మాత్ర మొదలుపెట్టొచ్చు, అది వేసుకుంటే ఓపియాయిడ్ వాడినా కిక్ ఎక్కదు, మీరు రోజూ చేతికిచ్చి వేయించాలి. కోరిక మరీ బలంగా ఉంటే బ్యుప్రెనార్ఫిన్ మేలు. సూదులు వాడినవాళ్ళకి జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ఆధ్వర్యంలో, సూదికి బదులు ఇలాంటి మందు ఇచ్చే ఓఎస్‌టీ కేంద్రాల్లో ఇది ఉచితంగా ఇస్తారు. అదే వెళ్ళడంలో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించండి. హెపటైటిస్ సి ఉందని తేలినా కంగారు వద్దు, సాధారణంగా మూడు నెలల మాత్రలతో నయమవుతుంది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ మందు ఉచితం.

పెళ్ళి మాట ఇప్పుడు వద్దు. ఒక ఆడపిల్లని మందుగా వాడుకోవడం అన్యాయం, మీ అబ్బాయికీ అది అదనపు టెన్షనే. చుట్టాలకి "ఆరోగ్యం కుదుటపడ్డాక చూద్దాం" అని ఒక్క ముక్కలో చెప్పేసి ఊరుకోండి.

కొట్టారన్న మాట నమ్మండి. డీఅడిక్షన్ కేంద్రాలు కూడా మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికే వస్తాయి, అవి నమోదై ఉండాలి, గొలుసులు వేయడం నిషేధం, కొట్టడానికి ఎవరికీ హక్కు లేదు. రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీకి ఫిర్యాదు చేయొచ్చు. చేయాలా వద్దా అన్నది మీ అబ్బాయిని అడిగే నిర్ణయించండి. ఆ సెంటర్‌కి మళ్ళీ పంపిస్తామని మాత్రం ఏ కోపంలోనూ అనకండి. మీరు కూడా రాత్రి పడుకోవాలి, వాళ్ళ నాన్నతోనో అక్కతోనో వంతులు వేసుకోండి.

ప్రశ్న: మేడమ్, మా ఆయన విశాఖలో ఆటో నడుపుతారు. ఫోర్ట్‌విన్ అనే నొప్పి ఇంజెక్షన్లకి అలవాటు పడి, ఐదు నెలలుగా మానేసి గవర్నమెంట్ ఆసుపత్రిలో ఇచ్చే నాలుక కింది మాత్ర వాడుతున్నారు. మనిషి మళ్ళీ మనిషయ్యారు, ఇంట్లో డబ్బులు ఇస్తున్నారు, పిల్లల్ని స్కూల్లో దింపుతున్నారు. కానీ మా బావగారు "ఒక మత్తు పోయి ఇంకో మత్తు పట్టింది, ఎన్నాళ్ళు మింగుతావు" అని రోజూ ఎత్తిపొడుస్తున్నారు. ఆయన కూడా ఆపేస్తానంటున్నారు. ఆపేయొచ్చా?

జవాబు: ఇప్పుడు ఆపొద్దు. మీ బావగారికి చదివి వినిపించడానికే ఇది కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీ ఆయన వాడే నాలుక కింది మాత్ర, అంటే బ్యుప్రెనార్ఫిన్ కూడా మెదడులో ఓపియాయిడ్లు నొక్కే మీటల మీదే పనిచేస్తుంది, ఆ మాట దాచక్కర్లేదు. తేడా ఏమిటంటే అది వాటిని సగం మాత్రమే నొక్కుతుంది, ఒక స్థాయి దాటాక డోసు పెంచినా మత్తు పెరగదు, ఊపిరి మీద ప్రభావం కూడా అక్కడే ఆగుతుంది. ఒక్క మాత్ర ఒక రోజంతా పనిచేస్తుంది కాబట్టి మూడు పూటలా సూది కోసం వెతుక్కునే పరుగు ఉండదు. ఒళ్ళు ఆ మాత్రకి అలవాటు పడుతుంది నిజమే, ఒక్కసారిగా ఆపితే విత్‌డ్రాయల్ కూడా వస్తుంది. కానీ వ్యసనం అంటే ఒళ్ళు అలవాటు పడటం ఒక్కటే కాదు. డబ్బు, పని, పిల్లలు అన్నీ పక్కకి నెట్టేసి దాని వెనకే తిరగడం వ్యసనం. మీ ఇంట్లో ఐదు నెలలుగా జరుగుతున్నది దానికి సరిగ్గా వ్యతిరేకం, మీ ఉత్తరంలోనే రాశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005 నుంచి దీన్ని అత్యవసర మందుల జాబితాలో ఉంచింది. ఈ చికిత్సలో ఉన్నంతకాలం మరణాలు దాదాపు సగానికి తగ్గుతాయని ఎన్నో దేశాల అనుభవం. తొందరపడి ఆపేసినవాళ్ళలో ఎక్కువమంది పాత అలవాటుకి తిరిగి వెళ్ళారు, నేను చూసినవాళ్ళలో కూడా.

ఎన్నాళ్ళు అన్నదానికి అందరికీ ఒకే లెక్క లేదు. కనీసం ఒక ఏడాది అనుకోండి, చాలామందికి రెండు మూడేళ్ళు, కొందరికి ఇంకా ఎక్కువ. తగ్గించే రోజు వచ్చినప్పుడు నెలల మీద మెల్లగా తగ్గిస్తారు. వాడే పద్ధతి మాత్రం సరిగ్గా ఉండాలి. మింగకూడదు, మింగితే చాలావరకు వృథా. నాలుక కింద పూర్తిగా కరిగేదాకా మాట్లాడకుండా, నీళ్ళు తాగకుండా ఉండాలి. కరిగాక నోరు నీళ్ళతో పుక్కిలించి, ఒక గంట ఆగి పళ్ళు తోముకోవాలి, లేకపోతే పళ్ళు పాడవుతాయి. మలబద్ధకం వస్తే డాక్టర్‌కి చెప్పండి. దీని మీద మద్యం తాగినా, ఆల్‌ప్రజోలామ్ లాంటి నిద్రమాత్రలు వేసుకున్నా ఊపిరికి ప్రమాదం. పిల్లలకి అందకుండా తాళం వేసిన పెట్టెలో పెట్టండి, పెద్దవాళ్ళకి సరిపడే ఒక్క మాత్ర చిన్నపిల్లల ప్రాణం తీయగలదు.

బావగారిని వచ్చే నెల ఆసుపత్రికి వెంట తీసుకెళ్ళండి. అన్నయ్య మాటకి మీ ఆయన అంత విలువిస్తున్నారంటే, ఆ అన్నయ్య మనవైపు ఉంటే ఎంత బలమో ఆలోచించండి.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వెన్నుకి ఆపరేషన్ అయ్యాక ఇచ్చిన ఆక్సికోడోన్ అనే నొప్పి మాత్ర మానలేక, చివరికి బయట కొనుక్కుంటున్నాడని కోడలు ఏడుస్తూ ఫోన్ చేసింది. పరువు పోతుందని, వీసాకి ఇబ్బందని ఎవరికీ చెప్పలేదట. విజయవాడ తీసుకొచ్చేసి ఇక్కడే మాన్పించమంటారా?

జవాబు: ముందు ఒక పని ఈరోజే జరగాలి. అమెరికాలో బయట అమ్మే మాత్రలు అచ్చం కంపెనీ మాత్రల్లాగే ఉంటాయి గానీ చాలావాటిలో ఫెంటానిల్ అనే అతి బలమైన ఓపియాయిడ్ ఉంటుంది, ఒక్కటి చాలు ప్రాణం పోవడానికి. కోడల్ని దగ్గర్లోని ఫార్మసీకి వెళ్ళి నలాక్సోన్ నేసల్ స్ప్రే కొని ఇంట్లో పెట్టుకోమనండి. 2023 నుంచి అక్కడ దానికి డాక్టర్ చీటీ అక్కర్లేదు. వాడాల్సి వస్తే స్ప్రే కొట్టి 911కి ఫోన్ చేయాలి, లేచి కూర్చున్నా సరే, దాని ప్రభావం అయ్యాక మళ్ళీ ఊపిరి ఆగిపోవచ్చు.

చికిత్స అక్కడే మొదలవ్వాలి. ఇరవై గంటల విమానంలో విత్‌డ్రాయల్‌తో కూర్చోబెట్టడం క్రూరత్వం. నియంత్రిత మందులు రాసే లైసెన్సు ఉన్న ఏ డాక్టరైనా ఇప్పుడు అక్కడ బ్యుప్రెనార్ఫిన్ రాయొచ్చు, ప్రత్యేక అనుమతి అవసరం 2022 డిసెంబర్ చివర్లో తీసేశారు. మామూలుగా వెళ్ళే ఫ్యామిలీ డాక్టర్‌నే అడగొచ్చు. ఫెంటానిల్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచి ఉంటుంది కాబట్టి మొదటి డోసుకి ముందు ఎక్కువ గంటలు ఆగమంటారేమో, ఆ మాట పాటించాలి. అక్కడి ఉచిత హెల్ప్‌లైన్ 1-800-662-4357. మత్తు చికిత్స రికార్డులకి అక్కడ విడిగా గోప్యతా చట్టం ఉంది. వీసా గురించి భయముంటే ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒకసారి అడగమనండి, చికిత్స మాత్రం ఆ జవాబు కోసం ఆపొద్దు.

కుదిరితే మీ ఇద్దరిలో ఒకరు రెండు నెలలు వెళ్ళి ఉండండి. కోడలు ఒంటరిగా మోస్తోంది, వంటా పిల్లల పనీ మీరు చూసుకుంటే ఆమె అతన్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళగలదు. వెళ్ళాక మొదటి రోజే "ఎందుకు చేశావురా" అని మొదలుపెట్టకండి, కొన్ని వారాలు ఆ ప్రశ్న పక్కన పెట్టండి. తర్వాత ఎప్పుడైనా సెలవుకి ఇక్కడికి వస్తే మందు అసలు డబ్బాలోనే, డాక్టర్ చీటీ, ఉత్తరంతో సహా తెచ్చుకోవాలి. ఉండే రోజులకి ఎంత కావాలో అంతే, ఇక్కడ దొరుకుతుందిలే అని తక్కువ తేవద్దు.